నోటి తడి

తెర మీద తన నోరు వీధి గుమ్మమంత అయింది. ఆ సంగతి మరిచిపోదామని సన్యాసమ్మ కళ్ళు మూసుకుంటే అది ఇంకా పెద్దదవుతోంది. కింది పెదవి మీద పగుళ్ళు, పైవరసలో పన్ను ఊడిన చోట నల్లటి సందు, ఆ సందు పక్కనుంచి లోపలికి పోతున్న మొగుడి చూపుడువేలు, ఆ వేలు బయటికి వచ్చేటప్పుడు దానితో పాటు సాగి, ఇంకా సాగి, వెలుతురు పడి మెరిసి, తెగిపోయిన ఉమ్మి తీగ. ఛీ. ఎవరైనా చూసేదేనా అది? సముద్రం ఒడ్డున ఇంత హాలు కట్టి ఇన్ని ఎర్ర కుర్చీలు వేసింది ఇందుకా? బొమ్మ సరిగా పడుతుందో లేదో చూద్దామని ఇప్పుడే ఒకసారి వేశారు. ఇంకో గంటలో జనం వచ్చి కూర్చున్నాక మళ్ళీ వేస్తారట. ముందు వరసలో కూతురు శ్రీసత్య కూర్చుంటుంది, దాని పక్కన దాని అత్తగారు భ్రమరాంబ. మంచినీళ్ళ చెంబుని పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే మనిషి. పిల్లల పెళ్ళయిన ఇన్నేళ్ళలో తమ ఇంటికి వచ్చి చుక్క నీళ్ళు ముట్టని మనిషి. ఆవిడ ఎదట, అంత నోరు, అందులో మొగుడి వేలు. సన్యాసమ్మకి కడుపులో దేవినట్టయింది. ఉమ్మెయ్యాలనిపించింది. ఎక్కడ ఉమ్ముతుంది? స్టేజీ పక్క గది అది, కింద మెత్తటి తివాచీ, గోడలో ఏసీ, ఏసీలోంచి మల్లెపూల వాసన, అదీ నిజం మల్లెలది కాదు, పాయిఖానాల్లో కొట్టే సీసా వాసన. ఊరిన ఉమ్మి మింగింది. మింగినందుకు మళ్ళీ వెలపరం.

ఫోనులో అడగనైతే అడిగింది హరిచందన, మొగుడి దగ్గర గ్లాసుల మీద పాట వాయించడం నేర్చుకున్న పిల్ల. "అమ్మగారూ, ఆ రోజు తీసిన వీడియో సభలో వేద్దామనుకుంటున్నామండి, మీకేమీ అభ్యంతరం లేదు కదండీ?" అంటే, పొయ్యి మీద పులుసు పొంగుతోందన్న తొందరలో "నాకేటి తెలుత్తాది గుంటా, నీ ఇష్టం" అంది తను. వీడియో అంటే మొగుడు అబ్బులు, అతని గ్లాసులు, పాట, అంతే అనుకుంది. ఆ వేళ ఈ పిల్ల ఫోను కిటికీలో నిలబెట్టి ఉందనీ, తను గదిలోకి రావడం, మంచం అంచున కూర్చోవడం, తిట్టడం, నోరు తెరవడం అన్నీ అది కళ్ళార్పకుండా చూస్తూనే ఉందనీ ఎవరు చెప్పారు? ఇప్పుడు వద్దనాలి. జనం వచ్చే లోపల అనాలి. వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పాలంటే ఆ నోటితోనే చెప్పాలి.

గది మధ్యలో బల్ల, బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి, దాని మీద అబ్బులు గ్లాసులు. పొడుగు కాడలవి, పొట్టి కాడలవి, బొడ్డు లావువి, బుగ్గలు పీక్కుపోయినవి, ఏ రెండూ ఒక్కలా ఉండవు. హరిచందన వాటి మీదకి వంగి ఒక్కోదాంట్లో కొంచెం నీళ్ళు పోస్తోంది, చెంచాతో కాస్త తీసేస్తోంది, పక్కనున్న గిన్నెలో వేలు ముంచి అంచు మీద గుండ్రంగా తిప్పి చెవి ఒగ్గుతోంది. స్టీలుప్లాంటు క్వార్టర్లలో పెరిగిన పిల్ల. తండ్రిది గోదావరి వైపు. వీణ నేర్చుకుంది, పదిమందికి వీణ చెబుతోంది, ఎవరో ఫోనులో చూపించిన అబ్బులు వాయింపు విని వన్‌టౌన్ సందులన్నీ వెతుక్కుంటూ వచ్చింది. మంచి పిల్ల. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని వచ్చింది. గిన్నెలో నీళ్ళు తేటగా ఉన్నాయి. వేలు ముంచుతుంది, తిప్పుతుంది, గ్లాసు కూస్తుంది. ఎంత శుభ్రం! ఇన్నేళ్ళు ఈ శుభ్రం కోసమే కదా తను మొగుడితో పోట్లాడింది. మరి చూస్తుంటే చల్లగా ఉండాలి కదా ప్రాణానికి, ఒళ్ళెందుకు మండుతోంది?

గోడకి అంటించిన పెద్ద కాగితం మీద అక్షరాలు కనబడుతున్నాయి. సన్యాసమ్మకి చదువు వచ్చింది అబ్బులు పోయాకే. ఇంట్లో ఒక్కత్తీ కూర్చోలేక, వీధి చివర సంఘం గదిలో సాయంత్రం పూట నేర్పుతుంటే వెళ్ళి పలక పట్టింది. అప్పటినుంచి ఎక్కడ అక్షరం కనబడినా చదవకుండా కళ్ళు ఊరుకోవు, బస్సుల మీదా, మందు సీసాల మీదా, మూసేసిన కొట్ల తలుపుల మీదా. స కింద ఫ. దాని పక్కన టి. స్ఫటిక. తరంగిణి. స్ఫటిక తరంగిణి. ఎవరిదీ పేరు? ఏ కోమటింటి పిల్లది? దాని కింద ఇంకా పొడుగుమాట, పు, న, రు, జ కింద జ, పునరుజ్జీవన సభ. అంటే ఏమిటని పొద్దున హరిచందనని అడిగితే "పోయినదాన్ని మళ్ళీ బతికించడం అండీ" అంది. పోయినవాడు పోనే పోయాడు. వాడి వేలు మాత్రం బతికించి నా నోట్లో పెడతారట. ఆ గ్లాసులకే వీళ్ళు పెట్టిన కొత్త పేరట స్ఫటిక తరంగిణి, గ్లాసులని రాయడానికేం రోగం? ఊరంతా గ్లాసులనే అన్నది. గ్లాసుల అబ్బులు అంటే వన్‌టౌన్‌లో చిన్నపిల్లలు కూడా వేలు చూపించేవారు. ఆ పేరు వల్లనే తన సంబంధం తప్పిపోబోయింది. సబ్బవరం సంతలో తన తండ్రికి ఎవడో చెప్పాడు, పెళ్ళికొడుకు మంచోడే, పోర్టులో కళాసీ పని, ఓడల్లో బస్తాలు దించుతాడు, ఒక్కటే అలవాటు, పొద్దు వాలితే గ్లాసులు ముందేసుక్కూకుంటాడు అని. ఒక గ్లాసు కాదట, ఇరవై పైచిలుకట. తండ్రి ఆ పళంగా బస్సెక్కి, సంబంధం వద్దని చెప్పెయ్యడానికి వెళ్ళాడు. వెళ్ళేసరికి అబ్బులు అరుగు మీద గ్లాసులు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన అతని స్నేహితుడు సన్యాసిరాజు. "ఏటి బాబూ, ఇన్ని గ్లాసులూ నువ్వొక్కడివే తాగీత్తావా?" అని తండ్రి అడిగితే, "తాగడు మావా, నాకుతాడు" అన్నాడట సన్యాసిరాజు. తండ్రి పగలబడి నవ్వి, అక్కడే భోంచేసి, ముహూర్తం పెట్టుకుని మరీ వచ్చాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి మళ్ళీ నవ్వాడు. తల్లి నవ్వింది. పెరట్లో గిన్నెలు తోముతున్న తను నవ్వలేదు. నాకుతాడా? దేన్ని నాకుతాడు? ఎవరు తాగిన గ్లాసుల్ని? పెళ్ళికి ముందే, మనిషిని చూడకముందే, రోత పుట్టింది.

ఎవరు తాగినవో కాపరానికి వచ్చాక తెలిసింది. ఓడల్లో వంటవాళ్ళు జత చెడిన గ్లాసుల్ని పారెయ్యబోతుంటే అడిగి తెచ్చుకున్నవి. ఏ దేశాల ఓడలో, ఏ పెదవులో. వాళ్ళలో ఒకడే మొదటిసారి, తాగుతున్నదాంట్లో వేలు ముంచి అంచు మీద తిప్పి గ్లాసుని కూయించి చూపించాడట. అబ్బులు దగ్గర తాగేది లేదు, ఉమ్మి ఉంది. ఆ రోజు నుంచీ అంతే. వేలు నోట్లోకి, నోట్లోంచి అంచు మీదికి, అంచు మీంచి మళ్ళీ నోట్లోకి. అంటే ఏమిటి? ఆ అంచు మీద ఏ మీసాలవాడి పెదవి ఆనిందో, ఏ పుచ్చుపళ్ళవాడి నోరు ఆనిందో, అదంతా ఇంత ఇంతగా మొగుడి కడుపులోకి వెళుతోంది, మొగుడి నోటిది ఆ గ్లాసులకి అంటుతోంది, ఆ నోటితోనే మళ్ళీ తన దగ్గరికి వస్తాడు. తోబుట్టువు కొరికిన జామకాయని కూడా ముట్టని ఇంట్లో పుట్టింది సన్యాసమ్మ. అన్నం తింటూ ఎడమచేత్తోనైనా గరిటె ముట్టుకుంటే ఆ కూర పారబోసే తల్లికి పుట్టింది. చింతపండూ బూడిదా వేసి ఆ గ్లాసుల్ని ఎన్ని మాట్లు తోమిందో. "అంతలాగ తోమీకే, నా పాట పోద్ది" అనేవాడు. "పోతే పోనీ, నీ ఎంగిలి పాటలు ఎవుడు యినమన్నాడు?" అనేది. మళ్ళీ నాకేవాడు. మర్నాటికి పోర్టు వైపు నుంచి గాలికి వచ్చిన నల్ల దుమ్ము అంచుల మీద పేరుకునేది, వన్‌టౌన్‌లో ఏ ఇంట్లోనైనా కిటికీ తీస్తే అంతే, పాలల్లో పడుతుంది, ఆరేసిన చీర మీద పడుతుంది. ఆ దుమ్ము మీద వేలు, ఆ వేలు నాలిక మీద. వాయించి వాయించి లేచేసరికి నాలిక కుక్కనాలికలా నల్లగా ఉండేది. అది బయటికి పెట్టి తనని బెదిరించి నవ్వేవాడు. నీళ్ళు పెట్టుకోవయ్యా పక్కన, గిన్నెడు నీళ్ళు, అని బతిమాలింది. "నీటితో రాదే. జారిపోద్ది. గాజుకి మనిసి తడి తెలుత్తాది" అనేవాడు. ఏదో శాస్త్రం చదివినట్టు. పనిలేని రోజుల్లో పందిళ్ళలో వాయించేవాడు, కళాసీల సంఘం మీటింగుల్లో వాయించేవాడు. అందరూ చెవులప్పగించి వినేవాళ్ళు. తను మాత్రం పందిరి చివర నిలబడి అతని నోటి వంకే చూసేది, వేలు ఎన్నిసార్లు వెళ్ళిందా అని. పాట బాగుండేదా అంటే బాగుండేది. రోత అదే. అంత బాగుండేది అంత ఎంగిలిలోంచి రావాలా?

తలుపు తోసుకుని సెంటు వాసన వచ్చింది, దాని వెనక గురునాథరావు వచ్చాడు. ఈ సభ పెడుతున్న సంస్థకి ఆయన అధ్యక్షుడు. జరీ కండువా, చేతుల్లో చిన్న సీసా, అందులోంచి ఏదో పిండుకుని అరచేతులు రుద్దుకుంటూనే ఉంటాడు.

"సన్యాసమ్మగారూ, కాఫీ తెచ్చారా మీకు? మీరు ఇక్కడ కూర్చోవడమే మాకు అదృష్టం. ఆ షాట్ ఉంది చూశారూ, వేలు తడిపే షాటు, అది చూశాక నేను ఆ పూట అన్నం తినలేకపోయానమ్మా."

"నానూ తినలేకపోతన్నాను బాబూ."

"అవునమ్మా, అవును. గుండె పిండేస్తుంది. ఈ కాలం మొగుడూ పెళ్ళాలకి అది పాఠం. నా ఉపన్యాసంలో అదే చెప్పబోతున్నాను. పతివ్రత అంటే ఎవరో పురాణాల్లో లేదు, మన వన్‌టౌన్‌లో ఉంది అని."

"అలగ సెప్పకండి బాబూ."

"మీ వినయం మీది." చేతులు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

పతివ్రత! ఆ మాట చెవిలో పడగానే ఏదో పురుగు పాకినట్టు సన్యాసమ్మ కొంగుతో చెవి తుడుచుకుంది. ఆ వేలు నోట్లో ఉన్నప్పుడు మనసులో తను మొగుణ్ణి ఏమేం తిట్టిందో ఈయనకి తెలిస్తే కండువా జారిపోతుంది. రోగిష్టి మొగుడి పుండు కడిగితే పతివ్రత. అతని వేలు చీకితే మహా పతివ్రత. అది చూసి వీళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, తుడుచుకుని బయటికెళ్ళి బజ్జీలు తింటారు. ఎవరి కన్నీళ్ళు కావాలి? కన్నీళ్ళూ నోటి నీళ్ళలాంటివే కదా, అవి మాత్రం ఎంగిలి కావా?

అబ్బులుకి అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. వాళ్ళమ్మ అలాగే కాల్చేది, ఇంటింటా ముసలివాళ్ళు అలాగే కాల్చేవారు, బస్తాలు మోసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు, గాలికి నిప్పు ఎగరదు, అదీ వాళ్ళు చెప్పే సుఖం. ఆ నిప్పు చివరికి నాలిక తినేసింది. ఆసుపత్రిలో సగం నాలిక కోసి తీశారు. మిగిలిన నోటికి కరెంటు పెట్టారు. అంతకుముందంతా తడే, ఆగని తడి, దుప్పట్ల మీద తడి, తలగడ మీద తడి, చీమూ నెత్తురూ కలిసిన తడి, స్టీలు బేసిను ఎత్తి పారబోసి ఫినాయిలు పోసి కడిగి మళ్ళీ మంచం కింద పెట్టేలోపల మళ్ళీ నిండేది. సన్యాసమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని చేసింది. ప్రేమగా చెయ్యలేదు. ఎవరైనా ప్రేమగా చేశానంటే వాళ్ళు అబద్ధమాడుతున్నట్టే. పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుని, పుక్కిలించి, వచ్చి మళ్ళీ చేసింది. కరెంటు పెట్టాక అంతా ఎండిపోయింది. ఉమ్మి ఊరే గ్రంథులు మాడిపోయాయమ్మా, ఇంక ఊరదు అంది డాక్టరమ్మ. బేసిను అవసరం లేకుండా పోయిందని తను లోలోపల సంతోషించింది కూడా. అబ్బులు మాత్రం ఇంటికి రాగానే మొట్టమొదట గ్లాసులు దింపమని సైగ చేశాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. వెళ్ళిన వేలు వెళ్ళినట్టే పొడిగా వచ్చింది. అంచు మీద పెడితే గ్లాసు కీచుమంది, పలక మీద గోరు గీసినట్టు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కీచు. అతను ఆ వేలు వంక చూసుకున్న చూపు సన్యాసమ్మకి ఇప్పుడు తలుచుకోవాలని లేదు.

ఆ రోజుల్లోనే హరిచందన వస్తూండేది. నేర్చుకుంటానని. నాలిక సగమే ఉన్నవాడు ఏం నేర్పుతాడు? చేతులతో చూపించేవాడు, గొంతులోంచి ఏవో చప్పుళ్ళు వచ్చేవి, అవి తనకి తప్ప ఎవరికీ తెలిసేవి కావు, తను పక్కనుండి చెప్పాలి, నీళ్ళు తగ్గించమంటన్నాడు, ఇంకా మెల్లిగా తిప్పమంటన్నాడు అని. కళాసీలు బరువు లాగేటప్పుడు అందుకునే పాట ఒకటుంది, అరిచి పాడేది, గసపెట్టి పాడేది. దాన్ని అబ్బులు గ్లాసుల మీద వాయిస్తే నిద్రపోయే పిల్లకి పాడినట్టుండేది. దాని మొదటి సగం హరిచందనకి వచ్చింది. రెండో సగం రాలేదు. ఎలా వస్తుంది, వాయించి చూపించడానికి అతని దగ్గర తడి లేదు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల కొబ్బరిబొండం తెస్తానని సందు చివరికి వెళ్ళింది. వెళుతూ వెళుతూ ఫోను కిటికీలో వదిలేసింది. తను గదిలోకి వచ్చేసరికి అబ్బులు వేలు చాచి ఉన్నాడు. ఎటు? తన నోటి వైపు. "అన్నాఈ" అన్నాడు. సన్యాసీ అని. పెళ్ళయిన దగ్గర్నుంచి అలాగే పిలిచేవాడు, మగవాణ్ణి పిలిచినట్టు. "సీ. సావు. నీకు మతి గాని పోనాదేటి?" అంది. వేలు దించలేదు. మళ్ళీ మళ్ళీ తిట్టింది. దించలేదు. ఎవరైనా వచ్చేస్తారేమోనని వీధి తలుపు వైపు చూసింది. ఊపిరి బిగబట్టింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. పుండు మీద రాసే మందు రుచి, ఇనుము రుచి, ఎప్పటిదో చుట్ట చేదు, అన్నిటికన్నా అడుగున చల్లగా గాజు. ఇన్నేళ్ళు ముట్టనిదంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది. వేలు తీశాడు, తిప్పాడు, గ్లాసు పాడింది. ఆరిపోగానే మళ్ళీ వేలు, మళ్ళీ ఏదో గుడగుడ, ఇంకోసారి అని కాబోలు, ఇంకేం అంటాడు, తను వినలేదు, చెవుల నిండా తన కడుపులో చప్పుడే. అలా తడిపించుకుని తడిపించుకుని పాట రెండో సగం చివరిదాకా వాయించాడు. తను పెరట్లోకి పరిగెత్తింది. ఆ తరవాత అతను ఎక్కువ రోజులు ఉండలేదు.

గ్లాసు కూసింది. హరిచందన గిన్నెలో మళ్ళీ వేలు ముంచింది. సన్యాసమ్మ ఆ గిన్నె వంక చూసింది. అలా చూస్తూనే ఉంది. చూస్తుండగా ఒళ్ళంతా మెల్లగా చల్లబడింది. నీళ్ళు. ఉత్త నీళ్ళు. జారిపోవడం లేదు. కీచుమనడం లేదు. పాట వస్తోంది, అతని పాటే, అచ్చం అతనిదే, నీళ్ళతో. ఇంకొకటి. ఇందాక తెర మీద, అంత పెద్ద నోటి పక్కన, తను ఆ నోటినే చూస్తూ పట్టించుకోనిది, మంచం పక్క స్టూలు మీద, ఇదే గిన్నె. నీళ్ళతో నిండుగా. ఈ పిల్ల ఆ రోజు కూడా పెట్టే వెళ్ళింది. అతని చేతికి అందేంత దగ్గరలో.

"గుంటా."

"చెప్పండమ్మగారూ."

"ఆ రోజు నువ్వు నీళ్ళు పెట్టీ ఎల్లినావా ఆయన పక్కన?"

"పెట్టానండి. దాంతో వాయించారు కూడానండి ముందు రోజు. నేను చూస్తుండగానే. నీళ్ళతో బాగానే వచ్చిందండి ఆయనకి, కొంచెం సేపే అయినా." ఆ పిల్ల చెంచా పక్కన పెట్టింది. "మీకు తెలీదాండీ?"

తెలీదు. నీళ్ళతో వాయించగలడు. వాయించాడు. మరి తన ఎదట వేలు చాపి, దిక్కులేనివాడిలా చూసి, నోరు తెరిపించి, తన చేత... ఎంత మోసగాడు! ఎంత వెధవ! చచ్చేముందు ఏడిపించి పోయాడా? తను వాంతి చేసుకుంటుంటే మంచం మీద కూర్చుని లోపల్లోపల నవ్వుకున్నాడా? ఇదా వీళ్ళు జనానికి చూపించబోయేది? పతివ్రతని కాదు, ఒక వెర్రిముండని. ముందు వరసలో భ్రమరాంబ చూస్తుంది, గిన్నె కూడా చూస్తుంది, ఆవిడ కళ్ళకి నీళ్ళ గిన్నె తప్పకుండా కనబడుతుంది. ఎందుకు వదినా, పక్కన నీళ్ళున్నాయి కదా అంటుంది.

సన్యాసమ్మ లేచింది. గోడవార పెట్టిన తన నార సంచీ తీసుకుంది. బల్ల దగ్గరికొచ్చి చివరి గ్లాసు కాడ పట్టుకుని, అందులో నీళ్ళు హరిచందన గిన్నెలోకి వంపేసింది.

"అమ్మగారూ! అయ్యో, అది పంచమం అండీ, ఇప్పుడే కుదిరింది..."

"ఆ బొమ్మ ఎయ్యొద్దు."

"ఏ బొమ్మండీ?"

"నా నోరు. ఎయ్యొద్దు. ఏత్తే ఇవన్నీ సంచీలో ఏసుకుని నాను ఆటో ఎక్కీత్తాను. ఇవి నావి. ఆయన నాకిచ్చి పోనాడు, మీ సబకి ఇవ్వలేదు."

చప్పుడుకి గురునాథరావు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. "ఏమిటమ్మా ఇది, జనం వచ్చేస్తున్నారు! ఆ షాటే ఈ సభకి ప్రాణం."

"మీ ఆవిడ నోరు ఏసుకోండి బాబూ, ప్రాణం వత్తాది."

ఆయన చేతులు రుద్దుకోవడం ఆగిపోయింది. హరిచందన నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగి, తిరిగిన దగ్గరే కళ్ళు తుడుచుకుని, సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి. సన్యాసమ్మ విదిలించుకోబోయి ఆగింది.

"తప్పేనండి. నేను ఆ ముక్క మీకు ముందే చూపించాల్సింది. కానీ అమ్మగారూ, పాట రెండో సగం ఇంకెక్కడా లేదండి. నాకింకా పట్టుబడలేదు. దాంట్లోనే ఉంది. అది జనం వినకపోతే ఇంక ఇదంతా ఎందుకండీ?"

ఆ పిల్ల మొహం చూస్తే అబద్ధం లేదు. పాట. బరువు లాగే పాట. దానికోసమైతే, పోనీ. సన్యాసమ్మ గ్లాసుని తిరిగి దుప్పటి మీద నిలబెట్టింది.

"బొమ్మ ఆపీ. మోత ఉంచు."

ముందు వరసలో తనని శ్రీసత్యకీ వియ్యపురాలికీ మధ్య కూర్చోబెట్టారు. హరిచందన వాయించింది. బాగా వాయించింది, తప్పు పట్టడానికి లేదు, నీళ్ళలా తేటగా వాయించింది, జనం చప్పట్లు కొట్టారు. గురునాథరావు పతివ్రత జోలికి పోలేదు. ఆ తరవాత దీపాలు ఆర్పారు. తెర నల్లగానే ఉంది. ముందు ఫ్యాను చప్పుడు, తమ ఇంటి ఫ్యానే, ఒక రెక్క తట్టుకునేది. దూరంగా ఓడ కూత. మంచం కిర్రుమంది. "సీ. సావు" అంది ఎవరో. తనే. జనంలో చిన్నగా నవ్వులు. ఇంక వస్తుంది అనుకుంది, వచ్చింది, చిన్న తడి చప్పుడు, చప్పరించినట్టు. ఆ వెంటనే గ్లాసు. పాట రెండో సగం ఆ చీకట్లో లేచి, హాలు కప్పు దాకా పోయి, అక్కడ నిలబడింది. ఎవరూ దగ్గలేదు. పాట సన్నబడి ఆరిపోయింది. మళ్ళీ తడి చప్పుడు.

భ్రమరాంబ చెవి దగ్గరికి వంగింది. "ఏటి వదినా అది, పిల్లి గాని పాలు నాకతన్నాదా?"

"పిల్లే వదినా" అంది సన్యాసమ్మ.

అప్పుడు అతని గొంతు. అదే గుడగుడ. వెనక ఎవరో "అయ్యో, ఎంత బాధపడ్డాడో" అని నిట్టూర్చారు. ఇంకోసారి అంటున్నాడని ఆ రోజు తను అనుకున్న చప్పుడు. ఈ రోజు నోట్లో వేలు లేదు, కడుపులో చప్పుడు లేదు, ఊపిరి బిగబట్టలేదు. చెవులు రెండూ ఖాళీగా ఉన్నాయి. అతని మాటలు తప్ప వినడానికి వేరే ఏమీ లేదు. "అ-ఉ ఓ-ఈ-ఇ-ఆ-ఏ-ఏ?" సగం నాలికతో అంటే అలా ఉంటుంది. దాన్ని కుదురుగా పెడితే ఏమవుతుంది? సన్యాసమ్మ అక్షరాలు కూడబలుక్కున్నట్టు లోపలే కూడబలుక్కుంది. పళ్ళు. తో. పళ్ళు తోమీ...

పళ్ళు తోమీసినావేటే?

పాట సాగింది, ఆగింది, తడి చప్పుడు, మళ్ళీ అదే ప్రశ్న. వేలు పెట్టిన ప్రతిసారీ అదే అడిగాడు. ఎంగిలి ఎంగిలి అని తన ప్రాణం తీసిన పెళ్ళాన్ని, పక్కన గిన్నెడు నీళ్ళు పెట్టుకుని, ఆవిడ నోట్లోనే వేలు పెట్టి, పళ్ళు తోముకున్నావా అని అడుగుతున్నాడు. జవాబు కోసం ఆగుతున్నాడు కూడా, పాటకి పాటకి మధ్య ఆ సందు అందుకే. తను జవాబు చెప్పలేదు. ఒక్కసారీ చెప్పలేదు.

ఎక్కడో పొట్ట అడుగునుంచి, ఇందాకటిదాకా వాంతి కదిలిన చోటినుంచే, నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. అంతమంది మౌనంగా, దుఃఖంగా కూర్చున్న హాల్లో సన్యాసమ్మ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "అమ్మా, ఊరుకో, ఏడకు" అని శ్రీసత్య మోచెయ్యి నొక్కింది. చీకట్లో అతని గొంతు ఇంకోసారి అడిగింది.

"తోమీసినానురా, సచ్చినోడా!" అంది సన్యాసమ్మ, పైకే, గట్టిగా.

భ్రమరాంబ తన కుర్చీలో జానెడు అవతలికి జరిగి కూర్చుంది.